వాయుగుండం దాటాక మొగ (నది సముద్రంలో కలిసే చోటు) దగ్గర గాలం ఎన్నో రోజు వేయాలి?

బాహుదా_ఒడ్డు:
అక్టోబరు అంటే మన గంజాం తీరానికి గాలివానల నెల. 2013లో ఫైలిన్ అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గరే ఒడ్డెక్కింది, 2018లో తిత్లీ 11న పలాస దగ్గర. అంతటివి రాకపోయినా వాయుగుండాలు మామూలే. అది దాటగానే అందరూ చెప్పే మాట ఒకటే: "వారం ఆగు, నీళ్ళు తేరనీ." దీంతో నేను ఒప్పుకోను. సోనాపూర్ దగ్గర బాహుదా నది మొగలో పండుగొప్ప చేపకి మూడో రోజే మంచి రోజు. వరదకి బొంత చేప పిల్లలూ రొయ్య పిల్లలూ కిందికి కొట్టుకొస్తాయి. పాటు మొదలయ్యాక నీరంతా సన్నపాయగా బయటికి లాగుతుంది. పండుగొప్ప ఆ పాయలో నిలబడదు. పక్కన ఇసుక మెట్ట చాటున, నీటికి ఎదురుగా ముక్కు పెట్టి కాచుకుంటుంది. పోటు నిండిన గంట తర్వాత నుంచి రెండు గంటలు, అంతే పని. వారం ఆగితే ఎర చేప చెదిరిపోతుంది.

గోపాల్‌పూర్_గేలం:
అన్నా, మెట్ట చాటు మాట నిజమే, మూడో రోజు మాత్రం కాదు. ఆ రోజు నీళ్ళలో గుర్రపుడెక్క, గడ్డి, అరటిబోదెలు. బ్రెయిడ్‌కీ (అల్లిన అసలు లైను) లీడర్‌కీ (గేలం వైపు కట్టే మందపు దారం) మధ్య ముడి దగ్గర గడ్డి చుట్టుకుంటే లూర్ (బొమ్మ ఎర) ఈదదు, బరువుకి ముడి జారుతుంది. ఇంకో సంగతి అందరూ మర్చిపోతారు. అక్టోబరు, నవంబరుల్లో మన ఒడ్డు వెంట ప్రవాహం ఉత్తరం నుంచి దక్షిణానికి నడుస్తుంది. అంటే మహానది మట్టినీళ్ళు కూడా మన ముందు నుంచే పోతాయి. బాహుదా తేరినంత మాత్రాన సముద్రం తేరినట్టు కాదు.

బాహుదా_ఒడ్డు:
తమ్ముడూ, నువ్వు లూర్ గురించి చెబుతున్నావు, నేను బతికున్న ఎర గురించి. వరద తగ్గేటప్పుడు మొగలో పైన తియ్యనీరు, అడుగున ఉప్పునీరు ఉంటాయి, ఉప్పునీరు బరువు కాబట్టి. గడ్డీ మట్టీ ఎక్కువగా పైపొరలోనే. ఎర అడుగుకి దిగాలి, అంతే. 60 గ్రాముల గుండు సీసం లైను మీద జారేలా, దాని కింద పూస, తర్వాత స్వివెల్ (మెలి పడకుండా తిరిగే కొక్కెం), అక్కణ్ణుంచి 50 పౌండ్లు ఆపే లీడర్ రెండు మూరలు, చివర 5/0 సైజు సర్కిల్ గేలం (మొన లోపలికి వంగినది). బొంత పిల్ల జానెడు లోపు ఉండాలి. పై పెదవికి మాత్రమే గుచ్చాలి. రెండు పెదవులూ కలిపి కుట్టేస్తే నోరు తెరుచుకోదు, మొప్పలకి నీరందక కాసేపట్లో చచ్చిపోతుంది. చేప పట్టినప్పుడు కర్ర ఝాడించకూడదు. లైను బిగిసేదాకా ఆగి రీలు తిప్పాలి, గేలం దానంతటదే నోటి మూలకి తగులుకుంటుంది. ఝాడిస్తే ఉత్త గేలం చేతికొస్తుంది. లీడర్ అంత మందం ఎందుకంటే పండుగొప్ప కోసేది పళ్ళతో కాదు, చెంపమూత అంచుతో. అది బ్లేడే.

రాతిగట్టు_భీమిలి:
ఇచ్ఛాపురం, బరంపురం నుంచి భీమిలి, యారాడ రాళ్ళకి వచ్చేవాళ్ళకి ఒక మాట. మీ మూడో రోజు లెక్క ఇక్కడికి తేకండి. గాలి ఆగిపోయినా దూరం నుంచి వచ్చే పెద్ద కెరటం ఇంకా నడుస్తూనే ఉంటుంది. పది నిమిషాలు ఏమీ ఉండదు, తర్వాత వరసగా మూడు నాలుగు వచ్చి మీద పడతాయి. ముందు ఇరవై నిమిషాలు వెనక నిలబడి చూడాలి. రాయి మీద తడి ఎక్కడిదాకా ఉందో ఆ గీత దాటి దిగకూడదు. ఇన్‌కాయిస్ (సముద్ర సమాచార కేంద్రం) ఎత్తైన అలల హెచ్చరిక ఉంటే ఆ రోజు ఇంట్లోనే. ఇక సీసం సంగతి: రాళ్ళ సందులో ఇరుక్కునేది ఎప్పుడూ సీసమే. దాన్ని లైనుకి నేరుగా కట్టకుండా ఎనిమిది పౌండ్ల నాసి దారంతో జానెడు వేలాడదీయండి. ఇరుక్కుంటే ఆ ముక్క తెగుతుంది, గేలమూ చేపా మీకు మిగులుతాయి. పార చేపలకి ఇదే పద్ధతి.

గోపాల్‌పూర్_గేలం:
నాసి దారం సంగతి చాలా అవసరమైంది, గురువుగారూ. పోర్టు రాతికట్ట మీదికి మాత్రం అనుమతి లేకుండా ఎవరూ ఎక్కకండి.

ఋషికుల్య_ఇసుక:
రోజులు లెక్కపెట్టడమే తప్పు అనిపిస్తోంది. బాహుదా చిన్న నది, కొండల్లో వాన ఆగితే వరద త్వరగా తీస్తుంది. ఋషికుల్య సుమారు 165 కిలోమీటర్ల నది, మట్టి చాలా రోజులు దిగుతూనే ఉంటుంది. అక్కడ మూడో రోజు వెళ్తే ఒట్టి చేతులే. ఇంకో ముఖ్యమైన విషయం: తాబేళ్ళ కోసం నవంబరు 1 నుంచి మే 31 దాకా ఋషికుల్య మొగ దగ్గర 20 కిలోమీటర్ల సముద్రంలో వేట నిషేధం. ఒడ్డు నుంచి గాలమైనా సరే, అటవీశాఖ వాళ్ళని అడగకుండా అక్కడ నిలబడకూడదు. తాబేలు గేలానికి తగులుకుంటే ఎంత పాపమో చెప్పక్కర్లేదు.

బాహుదా_ఒడ్డు:
ఇది ఒప్పుకుంటాను. నా లెక్క బాహుదాకే. ఋషికుల్యకి నాకూ మూడో రోజు వద్దు.

గోపాల్‌పూర్_గేలం:
అయితే బాహుదాకైనా రోజు బదులు కొలత పెట్టుకుందాం. తెల్ల లూర్‌ని కర్ర చివర నుంచి నీళ్ళలోకి నెమ్మదిగా దించండి. జానెడు లోతుకే కనబడకపోతే లూర్ పని లేదు, బొంత పిల్ల వేయండి. మూరెడు దాకా తెల్లగా కనిపిస్తే 28 గ్రాముల జిగ్‌హెడ్ (సీసం తల ఉన్న గేలం) మీద తోక ఆడే మెత్తటి లూర్ కట్టి, అడుగుకి తగలనిచ్చి, వీలైనంత నెమ్మదిగా లాగండి. మసక నీళ్ళలో చేప చూపు కంటే ఆ తోక అదురునే ఎక్కువ పట్టుకుంటుంది. వేయాల్సిన చోటు గోధుమరంగు నీరూ పచ్చనీరూ కలిసే గీత, నడిపాయ కాదు. మూడో రోజు జానెడు కూడా కనబడదని నా పందెం.

బాహుదా_ఒడ్డు:
జానెడే కనబడనీ, అడుగున ఉప్పునీరు దూరితే పండుగొప్ప ఉంటుంది. నీటి రుచి చూడటానికి పైనీళ్ళు ముంచకు. మూత బిగించిన సీసాకి సీసం కట్టి అడుగుకి దించి, మూతకి కట్టిన దారం లాగి నింపు. ఉప్పగా ఉంటే వేయి, చప్పగా ఉంటే ఇంటికి పో. ఇంకొక్కటి, మొగ అంచు ఇసుకని నీరు కింద నుంచి కోసేస్తుంది, పైకి గట్టిగానే కనిపిస్తుంది. అంచుకి ఆరడుగులు వెనకే నిలబడు.