ఉద్యోగం మానకుండా బాబుని ఇంట్లోనే చదివించడం కుదురుతుందా?

అడిగింది: హన్మకొండ అమ్మ
ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కామర్స్ లెక్చరర్‌ని. బాబు మూడో తరగతి. బడి పేరెత్తితే చాలు, కడుపునొప్పి అంటున్నాడు. జూన్ నుంచి ఇంట్లోనే చదివిద్దామని ఉంది. పదో తరగతి ఎలా రాస్తాడని మావారికి ఒకటే టెన్షన్. ఇలా నడుపుతున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా?

గుంటూరు కెమిస్ట్రీ మేడం
ఉన్నానండీ. మా అమ్మాయికి పదేళ్లు. సిలబస్ సంగతి తర్వాత, మీరు కాలేజీలో ఉన్నంతసేపు బాబు దగ్గర ఎవరుంటారో ముందు తేల్చుకోండి. మా ఇంట్లో అత్తయ్య ఉన్నారు కాబట్టి బండి నడుస్తోంది. పొద్దున తెలుగు చదివించి, ఎక్కాలు అప్పజెప్పించుకుంటారు. లెక్కలు, సైన్సు నావి. నాకు వాల్యుయేషన్ డ్యూటీ పడితే ఆ వారం చదువు లేనట్టే. నానమ్మతో కలిసి వడియాలు పెడుతుంది.

బోర్డు ముందు గంటసేపు చెప్పే అలవాటు మనది. ఇంట్లో అది చెల్లదు. మొన్న పక్కింటి పాపకి దిష్టి తీస్తుంటే, పసుపు నీళ్లలో సున్నం వేస్తే ఎందుకు ఎర్రబడ్డాయని మా అమ్మాయి అడిగింది. వేరే పళ్లెంలో కలిపిచ్చి నిమ్మకాయ పిండమన్నాను. మళ్లీ పసుపు! ఇంకాస్త సున్నం, మళ్లీ ఎరుపు. సబ్బు నీళ్లు, చింతపండు పులుసు, సాయంత్రమంతా అదే పని. మా డిగ్రీ పిల్లలు ల్యాబ్‌లో బ్యూరెట్ రీడింగ్ రాసుకుంటారు (పక్కవాడిది చూసి రాసేవాళ్లే ఎక్కువ), రంగు ఎందుకు మారిందని మాత్రం ఒక్కరూ అడగరు.

ఖమ్మం నాన్న
పదో తరగతికి ఎన్‌ఐఓఎస్ ఉంది, అంటే బడికి వెళ్లకుండా పరీక్ష రాయించే కేంద్ర ప్రభుత్వ ఓపెన్ స్కూల్ బోర్డు. 14 ఏళ్లు నిండాలి, 5 సబ్జెక్టులు పాసవ్వాలి. ఏప్రిల్‌లో, అక్టోబరులో పరీక్షలుంటాయి. అన్నీ ఒక్కసారే రాయక్కర్లేదు, రిజిస్ట్రేషన్ 5 ఏళ్లు చెల్లుతుంది. తెలుగు మీడియం కూడా ఉంది. బడి మాన్పిస్తే టీసీ తీసుకోవడం మర్చిపోకండి. అన్నట్టు, ఆ కడుపునొప్పి ఎందుకో బాబుని మెల్లగా అడిగారా? ఒక్క టీచరు భయమే అయితే సెక్షన్ మారిస్తే సరిపోవచ్చు.

హన్మకొండ అమ్మ
అడుగుతానండీ. మా అమ్మ వచ్చి ఉండగలదేమో కూడా కనుక్కోవాలి. మేడం, ఆటలకి తోడెవరు మరి?

గుంటూరు కెమిస్ట్రీ మేడం
సాయంత్రం అపార్ట్‌మెంట్ కింద షటిల్ గ్యాంగ్ ఉంది, చీకటి పడ్డా పైకి రాదు. తోడుకేం కొదవ లేదు. పెళ్లిళ్లలో చుట్టాలు మాత్రం "లెక్చరర్‌వి అయ్యుండి పిల్లని బడి మాన్పించావటగా" అంటూనే ఉంటారు. దానికి నా దగ్గరా మందు లేదండీ.