మూడు మార్కుల జవాబులో 'ఆధారం' అంటే ఏం రాయాలి?

పదోతరగతి_అమ్మ:
మా అమ్మాయి పదోది, సీబీఎస్ఈ. సోషల్‌లో మూడు మార్కుల ప్రశ్నకు పేజీన్నర రాస్తుంది, ఒకటిన్నర వస్తుంది. మొన్న "గాంధీజీ పోరాటానికి ఉప్పునే ఎందుకు ఎంచుకున్నారు? పాఠం ఆధారంగా రాయండి" అని ఇచ్చారు. ఇది సబర్మతిలో బయల్దేరదీసి దండి దాకా నడిపించేసింది. ఎందుకన్నది మాత్రం రాయలేదు. పక్కన ఎర్ర ఇంకుతో "ఆధారం?" అని ఒక్క మాట. ఆధారమంటే పాఠంలో వాక్యం దించాలా, సొంత మాటల్లో రాయాలా? ఇంగ్లిష్‌కీ ఇదే పద్ధతా? టైమ్ కూడా చాలడం లేదు.

బట్టీ_బాధితుడు:
మా రోజుల్లో గైడులో ఉన్నది ఉన్నట్టు దించితే చాలు. దించాను, ఫస్ట్ క్లాసూ వచ్చింది. ఇప్పుడు ఆఫీసులో మేనేజర్ "ఈ మాట ఎక్కడిది?" అంటే నోట్లోంచి మాట రాదు.

స్పాట్_మాస్టారు:
పదిహేడేళ్లు స్పాట్ వాల్యుయేషన్‌కి వెళ్లినవాణ్ణి, వినండి. మొదటి వాక్యంలోనే జవాబు పడాలి. తర్వాత పాఠంలోని ఆధారం. ఆ రెండింటినీ కలిపే ముక్క చివర్లో. ఇలా: "అందరినీ ఒక్కటి చేయగలదని ఉప్పును ఎంచుకున్నారు. ధనికులూ పేదలూ ఇద్దరూ వాడేది ఉప్పు. దానిమీద పన్ను, తయారీపై ప్రభుత్వ గుత్తాధిపత్యం బ్రిటిష్ పాలన క్రూరత్వాన్ని బయటపెడుతున్నాయని ఆయన అన్నారు. కాబట్టి ఈ పోరాటం ఏ ఒక్క వర్గానిదో కాకుండా పోయింది." అంతే. 78 మంది అనుచరులు, 240 మైళ్లు, 24 రోజులు, ఏప్రిల్ 6న దండి చేరడం, ఇవేవీ ఇక్కడ అక్కర్లేదు.

చరిత్ర_పిచ్చి:
ఏప్రిల్ 6న చేరలేదు మాస్టారూ. 5నే చేరారు. 6 పొద్దున ఉప్పు చట్టం ఉల్లంఘించారు.

స్పాట్_మాస్టారు:
పాఠంలో 6న చేరారనే ఉంది. పిల్ల రాయాల్సింది పాఠం ఆధారంగా, మీ పరిశోధన ఆధారంగా కాదు.

చరిత్ర_పిచ్చి:
ఆ పాఠమే 24 రోజులు నడిచారంటోంది కదా. బయల్దేరింది మార్చి 12. దానికి 24 కలిపి చూడండి, 5 వస్తుంది.

బట్టీ_బాధితుడు:
బయల్దేరిన రోజూ కలిపితే 4 వస్తోందే!

రెండో_బెంచీ:
నేను 5 అని రాస్తే అరమార్కు పోయింది. "పాఠంలో చూపించు" అన్నారు మా సార్. చూపించలేకపోయాను.

స్పాట్_మాస్టారు:
చూపించలేకపోతే పోతుంది మరి.

చరిత్ర_పిచ్చి:
ఇదీ మన చదువు! తప్పుకి ఆధారం ఉంటే మార్కు, ఒప్పుకి లేకపోతే సున్నా.

ఒంగోలు_గిత్త:
ఎప్పుడూ దండి గోలేనా? ప్రకాశం పంతులుగారు ఉప్పు సత్యాగ్రహం నడిపిన దేవరంపాడు మాకు దగ్గరే. మా వాడు పరీక్షలో ఆ ముక్క రాస్తే సున్నా చుట్టేస్తారా, చెప్పండి.

ట్యూషన్_అక్క:
నా దగ్గర చదివే పిల్లలతో ఒక పని చేయిస్తాను. జవాబు రాశాక ప్రతి వాక్యం పక్కనా పెన్సిల్‌తో పాఠంలో ఎన్నో పేరానో అంకె వేయాలి. అంకె పడని వాక్యం కొట్టేయాలి. మొన్న ఒకడు పదకొండు వాక్యాలు రాశాడు, మూడు మిగిలాయి. తల గోక్కుంటూ, "అక్కా, మిగతా ఎనిమిదీ నేను ఎక్కడ్నుంచి తెచ్చానంటావ్?" అన్నాడు.

స్పాట్_మాస్టారు:
తప్పమ్మా! ఆ 'కాబట్టి' వాక్యానికి ఏ పేరా అంకె వేస్తాడు? అది పిల్లాడి బుర్రలోంచి వచ్చేది. మూడో మార్కు దానికే. మీరు దాన్నే కొట్టించేస్తున్నారు.

ట్యూషన్_అక్క:
'కాబట్టి' వాక్యానికి అంకె బదులు చుక్క పెట్టిస్తాను. అడిగి ఉంటే చెప్పేదాన్ని. స్పాట్‌లో కూడా సగం చదివే మార్కులేస్తారా మీరు?

స్పాట్_మాస్టారు:
మర్యాదగా మాట్లాడండి. నా చేతిమీదుగా పోయిన పేపర్లు ఎన్నో మీకు తెలుసా?

బట్టీ_బాధితుడు:
ఆధారం చూపించండి మాస్టారూ 😄

పదోతరగతి_అమ్మ:
రాత్రి అదే ప్రశ్న మళ్లీ రాయించాను. పెన్సిల్ అంకెలు వేసింది, చుక్కా పెట్టింది. అయిదు వాక్యాల్లో అయిపోయింది. తేదీ జోలికి పోలేదు. టైమ్ సంగతి, ఇంగ్లిష్ సంగతి ఎవరూ చెప్పలేదు.

చరిత్ర_పిచ్చి:
టైమ్ సంగతి తర్వాత చూద్దాం. ఆ 78 మందిలో గాంధీజీని కలిపినట్టా, కలపనట్టా? మాస్టారు చెప్పాలి.