జట్టులోంచి తీసేస్తే కారణం చెప్పరా?

స్క్వేర్‌కట్:
భారత క్రికెట్ జట్టు ప్రకటించగానే ఎవరు లేరో వెతకడం 2019 నుంచి అలవాటైపోయింది. అంబటి రాయుడు సంగతి ఇప్పటికీ మింగుడుపడదు. 2018 చివర్లో బ్యాటింగ్‌లో నాలుగో స్థానానికి తనే సరైనవాడని కెప్టెన్ కోహ్లీయే అన్నాడు. ఆరు నెలలు తిరిగేసరికి ప్రపంచ కప్ జట్టులో చోటు లేదు. ఆ చోటు దక్కిన విజయ్ శంకర్ బ్యాటింగ్, బౌలింగ్, ఫీల్డింగ్ మూడూ చేస్తాడన్నారు, సరే. ఆయనకు గాయమైతే స్టాండ్‌బైగా పెట్టిన రాయుడిని పిలవాలి కదా! అప్పటికి ఒక్క వన్డే కూడా ఆడని మయాంక్ అగర్వాల్‌ను పిలిచారు. ఆ వారంలోనే రాయుడు రిటైర్మెంట్ ప్రకటించాడు. 55 వన్డేల్లో 47 సగటు ఉన్నవాడు. మీ మనసులో అలా ఉండిపోయిన పేర్లు ఎవరివి?

పాత_స్కోరర్:
వీవీఎస్ లక్ష్మణ్. 2003 ప్రపంచ కప్‌కు ఆయన్ని పక్కనపెట్టి దినేశ్ మోంగియాను తీసుకున్నారు. కోల్‌కతాలో 281 కొట్టింది టెస్టులో, వన్డే వేరు అనే వాదన అప్పుడూ విన్నాను. అయినా 134 టెస్టులు ఆడిన మనిషి ఒక్క వన్డే ప్రపంచ కప్ కూడా ఆడకుండా వెళ్లిపోయాడంటే ఇన్నేళ్లయినా బాధగానే ఉంటుంది.

లెగ్‌బ్రేక్:
స్క్వేర్‌కట్ అన్నా, మయాంక్ విషయంలో కారణం ఉంది. ఓపెనర్ కేఎల్ రాహుల్‌కు దెబ్బ తగలడంతో ఓపెనర్ కావాలని టీమ్ మేనేజ్‌మెంట్ అడిగిందట. చీఫ్ సెలక్టరే ఆ మాట చెప్పాడు.

స్క్వేర్‌కట్:
ఎప్పుడు చెప్పాడు తమ్ముడూ? ప్రపంచ కప్ అయిపోయాక. అప్పటికే రాయుడు బ్యాట్ పక్కన పడేశాడు. నా గొడవంతా అదే. ఆ ముక్క పిలిచిన రోజే చెప్పి ఉంటే?

మూడో_స్లిప్:
మన తెలుగువాళ్ల పేర్లే తలుచుకుంటున్నాం కాబట్టి ఇది కూడా చెప్పాలి. కరుణ్ నాయర్ 2016 డిసెంబర్‌లో చెన్నైలో ఇంగ్లండ్ మీద 303 నాటౌట్. తర్వాతి టెస్టుకే, రహానే తిరిగొచ్చాడని, బెంచీ మీద కూర్చోబెట్టారు. 2018లో ఇంగ్లండ్ పర్యటనలో మొదటి నుంచీ జట్టుతోనే ఉన్నాడు. చివరి టెస్టులో, సిరీస్ మధ్యలో వచ్చిన హనుమ విహారికి అవకాశం ఇచ్చారు. ఆ రోజు నేను విహారి కోసం ఎగిరి గంతేశాను, కరుణ్ గుర్తుకే రాలేదు. మళ్లీ టెస్టు ఆడటానికి అతనికి 2025 దాకా పట్టింది.

పాత_స్కోరర్:
ఆ విహారే 2021లో సిడ్నీలో తొడ కండరం పట్టేసినా 161 బంతులు ఆడి, అశ్విన్‌తో కలిసి మ్యాచ్ కాపాడాడు. 2022 బర్మింగ్‌హామ్ తర్వాత టెస్టు లేదు. 2023లో ఇందోర్‌లో రంజీ మ్యాచ్‌లో మణికట్టు విరిగితే ఆంధ్ర కోసం ఎడమచేతివాటంగా నిలబడి బ్యాటింగ్ చేశాడు.

ఓపెనర్_నాన్న:
మీరంతా పెద్ద స్థాయి గురించి రాస్తున్నారు, నాది చిన్న అనుభవం. మా వాడిని అండర్-16 సెలక్షన్స్‌కు తీసుకెళ్లాను. పొద్దున్నుంచి ఎండలో నిలబడితే నెట్స్‌లో ఆరు బంతులు ఆడనిచ్చారు. సాయంత్రం గోడకు లిస్టు అంటించారు, పేరు లేదు. ఎక్కడ తక్కువైందని అడిగితే వచ్చే ఏడాది రమ్మన్నారు. "అయితే ఈ ఏడాదంతా ఏం ప్రాక్టీస్ చేయాలి నాన్నా?" అన్నాడు వాడు. నా దగ్గర జవాబు లేదు. అందుకే రాయుడి గురించి చదివితే ఇప్పుడు వేరేగా తగులుతోంది.

లెగ్‌బ్రేక్:
ఓపెనర్ నాన్న గారూ, చదివి మనసు చివుక్కుమంది. నేను సెలక్టర్ల వైపు మాట్లాడింది 15 మందినే తీసుకోగలరు కదా అని. అందరికీ చెప్పక్కర్లేదు, ఫిట్‌నెస్ లాంటివి బయటపెడితే ఆటగాడికే నష్టం. కానీ తీసేసినవాడికి ఒక ఫోన్ చేసి చెప్పడానికి ఏం అడ్డం? సెలక్టర్ కావాలంటే కనీసం 7 టెస్టులు, లేదా 30 ఫస్ట్‌క్లాస్ (రంజీ లాంటి) మ్యాచ్‌లు, లేదా 10 వన్డేలతో పాటు 20 ఫస్ట్‌క్లాస్ మ్యాచ్‌లు ఆడి ఉండాలనే నియమం ఉంది. అంటే పేరు లేని లిస్టు చూసుకోవడం ఎలా ఉంటుందో వాళ్లకు తెలిసే ఉంటుంది.

మూడో_స్లిప్:
ఓపెనర్ నాన్న గారూ, బాబు బ్యాటింగ్ పక్క నుంచీ, ఎదురు నుంచీ వీడియో తీసి ఇక్కడ పెట్టండి. నేను లీగ్ క్రికెట్ ఆడాను, చూసి నాకు తెలిసింది చెప్తాను.

ఓపెనర్_నాన్న:
ఆదివారం తీసి పెడతానండి. వాడికి ఇప్పుడే చెప్పాను, ప్యాడ్లు తుడుచుకుంటున్నాడు.