మెమోరియల్ డే వీకెండ్‌కి బిగ్ థాంప్సన్ నదిలో ట్రౌట్ పట్టాలని ప్లాన్, సలహాలు కావాలి

అరోరా నుంచి:

అందరికీ నమస్కారం. మేము డెన్వర్ వచ్చి రెండు నెలలే అయింది. ఆఫీసులో అందరూ ట్రౌట్ ఫిషింగ్ గురించే మాట్లాడుకుంటున్నారు. మెమోరియల్ డే లాంగ్ వీకెండ్‌కి మూడు కుటుంబాలం కలిసి కొండల్లో ఉన్న ఎస్టెస్ పార్క్ అనే ఊరు వెళ్లి, బిగ్ థాంప్సన్ నదిలో చేపలు పడదామనుకుంటున్నాం. అప్పటికి మా నాన్నగారు కూడా ఇండియా నుంచి వస్తారు. మాది భీమవరం దగ్గర ఊరు. కాలవ గట్టున గాలం వేయడం ఆయనకి చిన్నప్పటి నుంచీ అలవాటు. వాల్‌మార్ట్‌లో ఒక రాడ్డు, వానపాముల డబ్బా కొనుక్కుని వెళ్లిపోతే సరిపోతుందా? లైసెన్స్ అందరికీ కావాలా? పట్టిన చేపలు ఇంటికి తెచ్చి పులుసు పెట్టుకోవచ్చా? పిల్లలు ఇద్దరికీ ఏడు, పదకొండు ఏళ్లు. తెలిసినవాళ్లు చెప్పగలరు.

లవ్‌లాండ్ నుంచి:

తమ్ముడూ, ముందు తేదీ మార్చు. మిగతావన్నీ తర్వాత చూసుకోవచ్చు.

మే ఆఖరంటే చలికాలమంతా కొండల మీద పేరుకున్న మంచు ఒక్కసారిగా కరిగి దిగే రోజులు. నది గట్లని ఒరుసుకుంటూ కాఫీ రంగులో పారుతుంది. చేపకి నీ ఎర కనబడదు, నీకు నీళ్ల అడుగు కనబడదు. అడుగునంతా గుండ్రటి జారుడు రాళ్లు. మోకాలి లోతే కదా అని దిగినా కాలు నిలవదు. పైగా నిన్నటిదాకా మంచుగా ఉన్న నీళ్లు కాబట్టి కాసేపటికే వేళ్లు మొద్దుబారిపోతాయి. పిల్లలతో, పెద్దాయనతో ఆ గట్టు మీద నిలబడాల్సిన అవసరం లేదు. జూలై నుంచి సెప్టెంబర్ మధ్య దాకా నది తేటగా, దిగడానికి వీలుగా ఉంటుంది.

అప్పుడు కూడా సెలవు ఉంది కదా అని బయల్దేరకుండా నీళ్లు చూసి బయల్దేరాలి. ఎస్టెస్ సరస్సు ఆనకట్ట కింద ఎన్ని క్యూసెక్కులు పారుతున్నాయో ఆన్‌లైన్‌లో ఎప్పటికప్పుడు కనిపిస్తుంది. శ్రీశైలం, సాగర్ వార్తల్లో వింటుంటామే, అవే క్యూసెక్కులు. కాకపోతే ఇక్కడ లక్షల్లో ఉండవు, పదుల్లో, వందల్లో ఉంటాయి. నా మటుకు నేను 100కి అటూ ఇటూగా ఉంటే నిశ్చింతగా దిగుతాను. 200 దాటితే పిల్లల్ని నీళ్లలో అడుగు పెట్టనివ్వను.

లవ్‌లాండ్ నుంచి యూఎస్ 34 రోడ్డు మీద లోయలో పైకి వెళ్తుంటే, వరద వస్తే కొండ ఎక్కమని చెప్పే బోర్డులు కనిపిస్తాయి. వాటిని పిల్లలకి చదివించు. 1976 జూలై 31 సాయంత్రం ఈ లోయ ఎగువన కుంభవృష్టి కురిసి వచ్చిన వరదలో 140 మందికి పైగా పోయారు. 2013 సెప్టెంబర్‌లో మళ్లీ వరదొచ్చి రోడ్డు చాలాచోట్ల కొట్టుకుపోయింది. నువ్వున్న చోట ఎండ కాస్తున్నా ఎగువన వాన పడుతూ ఉండొచ్చు. నీళ్లు ఉన్నట్టుండి రంగు మారినా, పుల్లలూ ఆకులూ కొట్టుకొస్తున్నా సామాన్లు అక్కడే వదిలెయ్యి, కారు వైపు పరిగెత్తకు, పిల్లల్ని తీసుకుని పక్కనున్న కొండ మీదికి ఎక్కెయ్యి.

లైసెన్స్ సంగతి. కొలరాడోలో 16 ఏళ్లు నిండిన ప్రతి ఒక్కరికీ కావాలి. పిల్లలిద్దరికీ అక్కర్లేదు. ఇక్కడ ఆరు నెలలు వరసగా ఉంటేనే రెసిడెంట్ కింద లెక్క, కాబట్టి ఇప్పుడే ఏడాది లైసెన్స్ కొని డబ్బు పోగొట్టుకోవద్దు. ఒక్కరోజు లైసెన్స్ తీసుకో. నాన్నగారు పక్కన కూర్చుని చూస్తే ఏమీ అక్కర్లేదు, గాలం చేత పట్టుకుంటే మాత్రం ఆయనకీ ఉండాల్సిందే. జూన్ మొదటి పూర్తి వీకెండ్‌లో, శని ఆదివారాలు రెండు రోజులూ రాష్ట్రమంతటా లైసెన్స్ లేకుండా పట్టనిస్తారు. నది అప్పటికీ పొంగుమీదే ఉంటుంది కానీ సరస్సు ఒడ్డుకి వెళ్లడానికి అది మంచి అవకాశం.

వానపాముల డబ్బా నది దగ్గరికి తేవద్దు. ఆనకట్ట కింద నుంచి వాల్టోనియా వంతెన దాకా కృత్రిమ ఈగలు (పురుగులా కనిపించేలా కట్టిన గాలాలు), లూర్లు (చేపని ఆకర్షించే ఉత్తుత్తి ఎరలు) మాత్రమే వాడాలి, పట్టిన ట్రౌట్‌ని వెంటనే వదిలెయ్యాలి. నాన్నగారికి ఎస్టెస్ సరస్సు ఒడ్డే బాగుంటుంది. అక్కడ ఎర వాడొచ్చు, రెయిన్‌బో ట్రౌట్‌ని పెంచి తెచ్చి వదులుతారు, కుర్చీ వేసుకుని కూర్చోవచ్చు. ట్రౌట్ మనిషికి రోజుకి నాలుగు దాకా ఉంచుకోవచ్చు, పిల్లల వాటా పిల్లలకి విడిగా ఉంటుంది. పులుసుకి అవి చాలు. ట్రౌట్ పొలుసు చాలా సన్నం, గీకే పని ఉండదు. మాంసం మెత్తన కాబట్టి పులుసులో ఆఖర్న వేసి గరిటె పెట్టకుండా దించెయ్యాలి. మా ఇంట్లోనైతే వేపుడే.

ఇంకో సంగతి, కొత్తవాళ్లకి ఎవరూ చెప్పరు. ఈ లోయలో నది చాలాచోట్ల ప్రైవేటు స్థలాల్లోంచి పారుతుంది. ఇక్కడ ఆ స్థలంలో గట్టే కాదు, నది అడుగు కూడా సొంతదారుదే. బోర్డు ఉన్నచోట దిగితే అతిక్రమణ కేసు అవుతుంది. వీసా మీద ఉన్న మనం దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

ఇక నదిలో పట్టడం. మొదటిసారి ఒక ఫ్లై షాపు, అంటే ఈ కృత్రిమ ఈగల సామాన్లు అమ్మే కొట్టు, గైడ్‌తో సగం రోజు వెళ్లు. రాడ్డు, వేడర్లు (నీళ్లలో దిగడానికి వేసుకునే, తడవని పొడుగు ప్యాంట్లు) వాళ్లే ఇస్తారు. డబ్బు ఎక్కువనిపిస్తుంది కానీ రెండేళ్లలో తెలిసేది ఒక్క పూటలో తెలుస్తుంది. వేడర్ల మీద నడుము బెల్టు తప్పకుండా బిగించుకోండి, పడితే లోపల నీళ్లు నిండకుండా అదే కాపాడుతుంది.

గట్టు పక్కన అరచేతంత రాయి ఒకటి తీసి పిల్లలకి తిప్పి చూపించు. అడుగున ఇసుక రేణువులతో గూడు కట్టుకుని అంటుకున్న పురుగులుంటాయి, అవి కాడిస్. బల్లపరుపు ఒళ్లు, సన్నని తోకలతో రాయి మీద జారిపోయేవి మేఫ్లై పిల్లలు. ట్రౌట్ ఏడాదంతా ఎక్కువగా తినేది వీటినే. గైడ్ పెట్టెలో ఉండే కృత్రిమ ఈగల్లో ఎల్క్ హెయిర్ కాడిస్ అనేది రెక్కలొచ్చిన కాడిస్‌ని, ఫెజంట్ టెయిల్ అనేది మేఫ్లై పిల్లని చూసి కట్టినవే. రాయిని మళ్లీ అలాగే పెట్టెయ్యమను. ట్రౌట్ ప్రవాహానికి ఎదురు తిరిగి, పెద్ద రాళ్ల వెనక నీళ్లు నెమ్మదించే చోట నిలబడి, కొట్టుకొచ్చేవాటిని అందుకుంటుంది. కాబట్టి మనం దిగువ నుంచి ఎగువకి, దాని వెనక నుంచి వెళ్లాలి. ఎగువన వేసిన ఈగ నీళ్లెంత వేగంగా పోతే అంతే వేగంగా రావాలి. దారం లాగి అది కాస్త ముందుకో వెనక్కో జరిగిందా, చేప ముట్టదు. దూరంగా విసరడం కంటే ఇది నేర్చుకోవడమే ముఖ్యం. పది పదిహేను అడుగుల దూరంలోనే బోలెడు చేపలుంటాయి.

లిటిల్‌టన్ నుంచి:

అన్నయ్య చెప్పినవన్నీ నిజమే. నేను నాన్నగారి గురించి చెప్తాను. ఎస్టెస్ పార్క్ 7,500 అడుగుల ఎత్తులో ఉంది. ఇండియా నుంచి దిగిన వారంలోనే తీసుకెళ్లొద్దు, ముందు డెన్వర్ గాలికి అలవాటు పడనివ్వండి. బీపీ మాత్రలు, నీళ్లు, టోపీ దగ్గరుంచుకోండి. ఆ ఎత్తులో చల్లగా ఉన్నా ఎండ చురుక్కుమంటుంది. జూలై, ఆగస్టుల్లో మధ్యాహ్నం దాటితే ఉరుములు మొదలవుతాయి. ఫిషింగ్ రాడ్లు ఎక్కువగా గ్రాఫైట్‌వి, వాటిలో కరెంటు పారుతుంది. ఉరుము వినబడగానే రాడ్డు కింద పెట్టి అందరూ కారులోకి వచ్చెయ్యాలి. రాత్రి అక్కడే ఉంటే పులిహోర డబ్బాలు, చేపల సంచి కారులో వదలకండి. వాసనకి ఎలుగుబంట్లు వచ్చి తలుపులు పీకేస్తాయి.

అరోరా నుంచి:

అన్నా, అక్కా, చాలా థాంక్స్. ఈ మంచు కరిగే సంగతి మాకు తట్టనే లేదు. మిగతా కుటుంబాలతో మాట్లాడి జూలై రెండో వారానికి మార్చాం. మా పెద్దది ఒకటే అడుగుతోంది, వదిలేసిన చేప తర్వాత చచ్చిపోదా అని.

లవ్‌లాండ్ నుంచి:

మంచి ప్రశ్న వేసింది, అది మన చేతుల్లోనే ఉంది. గాలం కొన దగ్గర వెనక్కి తిరిగి ఉండే చిన్న ముల్లుని పటకారుతో ముందే నొక్కేస్తే తేలిగ్గా ఊడొస్తుంది. చేపని ముట్టుకునే ముందు చేతులు తడుపుకోవాలి, పొడిచేత్తో పట్టుకుంటే ఒంటి మీది జిగురు పొర పోయి జబ్బు చేస్తుంది. ఫోటో కోసం పైకెత్తి పెట్టుకోవద్దు. తల ఎగువకి పెట్టి నీళ్లలోనే పట్టుకుంటే కాసేపటికి అదే తోక విదిలించి వెళ్లిపోతుంది. ఒక చిన్న థర్మామీటర్ కూడా కొనండి. నీళ్లు 68 ఫారెన్‌హీట్‌కి చేరితే ట్రౌట్‌కి ఆక్సిజన్ అందదు, అప్పుడు ఎంత జాగ్రత్తగా వదిలినా బతకడం కష్టం, కాబట్టి పట్టడం ఆపెయ్యాలి. అందుకే పొద్దున్న ఏడింటికల్లా నీళ్ల దగ్గరుండండి, పార్కింగ్ కూడా దొరుకుతుంది. బయల్దేరే ముందు రోజు రాత్రి ఇక్కడ ఒక మెసేజ్ పెట్టు, ఆనకట్ట కింద నీళ్లెంత ఉన్నాయో చూసి ఏ మలుపు దగ్గర ఆగాలో చెప్తాను.