ఏసీకి ఏటా సర్వీసు, గ్యాసు, ఏఎంసీ: అవసరమా, అలవాటా?

గుణదల వాసి:
మార్చి వచ్చింది, మళ్లీ అదే తంతు. ఇంట్లో రెండు ఒకటిన్నర టన్ను స్ప్లిట్ ఏసీలు ఉన్నాయి. ఒకటి ఇన్వర్టర్, చల్లబరిచే గ్యాసు ఆర్-32 రకం. రెండోది బాగా పాతది, పాత రకం ఆర్-22 గ్యాసుది. సర్వీసుకి వచ్చిన కుర్రాడు ఇన్వర్టర్ ఏసీకి గేజీ (గ్యాసు ప్రెషర్ చూసే మీటరు) తగిలించి "గ్యాస్ తగ్గింది సార్, ఏటా కొంచెం తగ్గుతూనే ఉంటుంది, నింపేద్దాం" అన్నాడు. మూడు వేలట. పోయినేడు ఇంకెవరో వచ్చి అదే మాట చెప్పి నింపి వెళ్లాడు. నిజానికి చల్లదనానికి ఏ లోటూ లేదు. దానికి తోడు ఏఎంసీ, అంటే ఏడాది సర్వీసు ఒప్పందం, తీసుకోమని ఒకటే ఫోన్లు. మా బావమరిది ఏమో "బాగున్నదాన్ని కెలక్కు బావా, చెడినప్పుడు చూసుకుందాం" అంటాడు. వాళ్ల ఏసీని కొన్నప్పటి నుంచి ఎవరూ ముట్టుకోలేదు. ఎవరి మాట వినాలి?

లెక్కల మాస్టారు:
బావమరిది మాటే వినండి. ఏఎంసీ కాగితం వెనక చిన్న అక్షరాలు చదివారా? తక్కువ ధరకిచ్చే వాటిలో విడిభాగాలు ఉండవు, గ్యాసు ఉండదు. ఇక మిగిలేది కడగడమే. అన్నీ కలిపిన కాంప్రహెన్సివ్ తీసుకుంటే, రేపెప్పుడో వచ్చే రిపేరుకి ఈరోజే డబ్బు కట్టినట్టు. గ్యాసుని ఒత్తి తిప్పే కంప్రెసర్‌కి చాలా కంపెనీలు పదేళ్ల వారంటీ ఎలాగూ ఇస్తున్నాయి. ఇన్వర్టర్ ఏసీల్లో పెద్ద ఖర్చు పీసీబీ, అంటే లోపలి ఎలక్ట్రానిక్ బోర్డు. దానికీ కొన్ని మోడళ్లలో ఐదేళ్లు ఉంటుంది, బిల్లు తీసి చూసుకోండి. ఫిల్టర్ కడగడానికి మెకానిక్ ఎందుకండీ? ముందు ప్యానెల్ ఎత్తితే రెండు జాలీలు చేతికొస్తాయి. కుళాయి కింద కడిగి నీడలో ఆరబెడితే అయిపోయె.

గేజీ మాస్టర్:
నేను మెకానిక్‌నే, కాబట్టి నా మాట కొంచెం తగ్గించి తీసుకోండి. కానీ గ్యాసు విషయంలో మాత్రం గట్టిగా చెప్తాను: ఏసీలో గ్యాసు ఖర్చయ్యే వస్తువు కాదు. రాగి గొట్టాల్లో మూసుకుపోయిన దారిలో అదే గ్యాసు తిరుగుతూ ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో లీకుంది. లీకు వెతక్కుండా నింపడమంటే చిల్లు కుండలో నీళ్లు పోయడమే. "ఏటా తగ్గుతుంది" అన్నవాడికి పని రాకపోయి ఉండాలి, లేదా మీరు నమ్ముతారని తెలిసి ఉండాలి.

ఇంకో సంగతి. ఇన్వర్టర్ ఏసీలో కంప్రెసర్ వేగం గది వేడిని బట్టి మారుతుంది, దాంతోపాటే ప్రెషర్ మారుతుంది. ఊరికే గేజీ పెట్టి, ముల్లు చూపించి "తక్కువుంది" అనడం కుదరదు. టెస్ట్ మోడ్‌లో పెట్టి, కంప్రెసర్‌ని ఒకే వేగంలో నడిపించి చూడాలి. పైగా ఆ గేజీ గొట్టం తగిలించి తీసిన ప్రతిసారీ కాస్త గ్యాసు బయటికి పోతుంది. అనుమానం లేని ఏసీకి గేజీ పెట్టనివ్వకపోవడమే మంచిది.

నిజంగా తగ్గితే ఏం చేయాలి? ముందు ఫ్లేర్ నట్ల దగ్గర చూడాలి, అంటే గొట్టాలు ఔట్‌డోర్ యూనిట్‌కి కలిసే చోట. లీకుంటే అక్కడ నూనె మరక, దాని మీద దుమ్ము అంటుకుని నల్లగా కనిపిస్తుంది. గ్యాసుతోపాటు కంప్రెసర్ ఆయిల్ కూడా చెమ్మగా బయటికొస్తుంది కాబట్టి ఆ మరక. సబ్బు నురగ రాస్తే బుడగలొస్తాయి. దొరక్కపోతే నైట్రోజన్ నింపి పరీక్షించాలి. లీకు మూసి, వ్యాక్యూమ్ పంపుతో గాలీ తేమా లాగేసి, అప్పుడు గ్యాసు. అదీ కాటా మీద తూచి. ఔట్‌డోర్ యూనిట్ పక్కన స్టిక్కర్ మీద ఎన్ని గ్రాములో రాసి ఉంటుంది. కాటా లేకుండా వచ్చినవాడి చేత ఇన్వర్టర్ ఏసీలో గ్యాసు నింపించకండి.

అయితే మాస్టారూ, "కెలక్కు" అనే మాట కూడా తప్పే. ఫిల్టర్ ఆపేది పెద్ద దుమ్మునే. సన్న దుమ్ము, వంటింటి జిడ్డు, అగరొత్తుల పొగ జాలీ దాటి వెళ్లి కాయిల్ (గ్యాసు తిరిగే గొట్టాల చుట్ట) మీద, లోపలి బ్లోయర్ మీద కూర్చుంటాయి. బ్లోయర్ అంటే పొడుగ్గా గొట్టంలా ఉండే ఫ్యాను. దాని రెక్కల మధ్య నల్లటి జిగురు ఎంతగా పేరుకుంటుందంటే, స్క్రూడ్రైవర్‌తో గీకితే పెళ్లలుగా ఊడొస్తుంది. గాలి సగానికి పడిపోతుంది, కాయిల్ మీద ఐసు కడుతుంది. ఆ ఐసు చూసే మావాళ్లు "గ్యాసు తక్కువ" అని తేల్చేస్తారు. కడిగితే పోయేదానికి మూడు వేలు.

లెక్కల మాస్టారు:
గేజీ మాస్టర్ గారూ, ఒప్పుకున్నందుకు సంతోషం. మరి మీవాళ్లు అలా ఎందుకు చేస్తున్నారు?

గేజీ మాస్టర్:
ఎండలో రోజంతా మేడలెక్కి దిగితే సర్వీసుకి చేతికొచ్చేది తక్కువండీ. చాలాచోట్ల కుర్రాడికి జీతం కంటే గ్యాసు మీదా, విడిభాగాల మీదా వచ్చే కమిషనే ఎక్కువ. ఐదు వందలకి గంటసేపు ఒళ్లొంచి కడగాలంటారు, గ్యాసు అంటే మాత్రం బేరం లేకుండా ఇస్తారు. కస్టమర్లు కూడా కాస్త ఆలోచించాలి.

పెదవాల్తేరు:
బెజవాడ లెక్క మా వైజాగ్‌కి పనికిరాదు. బీచ్ రోడ్డుకి దగ్గర్లో ఉంటే ఉప్పుగాలి ఔట్‌డోర్ యూనిట్‌ని తినేస్తుంది. కాయిల్ మీది సన్నటి అల్యూమినియం రేకులు (ఫిన్స్) చేత్తో తాకితే తెల్లటి పొడిలా రాలతాయి, రేకు స్క్రూలు తుప్పుపట్టి తల విరిగిపోతాయి. ఇక్కడ "చెడినప్పుడు చూద్దాం" అంటే, చెడ్డాక చూడటానికి కండెన్సర్, అంటే ఆ ఔట్‌డోర్ కాయిల్, మిగలదు. నెలకోసారి మెయిన్ ఆపేసి, మామూలు మంచినీళ్లతో ఔట్‌డోర్ కాయిల్ కడుగుతాం. అంతకు మించి మంత్రం లేదు. ప్రెషర్ ఎక్కువ పెట్టకండి, ఫిన్స్ వంగిపోతాయి. యాసిడ్ కలిపిన లిక్విడ్ వాడేవాణ్ని గుమ్మం దాటనివ్వకండి. ఆ రోజు తళతళలాడుతుంది, ఆ తర్వాత ఉప్పు చేసే పనే యాసిడ్ ఇంకా తొందరగా చేసేస్తుంది.

గోదావరిఖని:
ఇంకో ముచ్చట. మా దగ్గర మే నెలల 45 డిగ్రీలు కొత్తేం కాదు. రోహిణి కార్తె వచ్చిందంటే ప్రతి ఇంట్ల "ఏసీ చల్లగ అయితలేదు, గ్యాస్ అయిపోయింది" అనే మాటే. అసలు ఏసీ కెపాసిటీని కొలిచేదే బయట 35 డిగ్రీలు ఉన్నప్పుడు. 45కి పోతే అదే ఒకటిన్నర టన్ను ఏసీ అంత చల్లదనం ఇయ్యదు, కరెంటు మాత్రం ఎక్కువ తాగుతది. దానికి తోడు ఔట్‌డోర్ యూనిట్‌ని పడమటి గోడకు పెట్టి, గాలి ఆడకుండ చుట్టూ గ్రిల్లు కట్టి, దాని మీద పాత బట్టలు ఆరేస్తరు. సర్వీసు కంటే ముందు ఆ బట్టలు తీయున్రి. ఊకె 18 పెట్టుడు బంద్ జేసి 24లో పెట్టి ఫ్యాన్ వేసుకున్రి. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు ఆరు శాతం కరెంటు మిగులుతదని కేంద్రం కరెంటు పొదుపు సంస్థ బీఈఈ వాళ్లే చెప్తున్నరు. 2020 నుంచి కొత్త ఏసీలు ఆన్ చేస్తే 24 మీదనే మొదలయ్యేటట్టు రూల్ పెట్టింది గూడ అందుకే.

నిజాంపేట సెక్రటరీ:
మాస్టారి లెక్కలో ఒకటి తప్పిపోయింది: మనిషి దొరకడం. ఏప్రిల్ రెండో వారం తర్వాత మెకానిక్‌కి ఫోన్ చేసి చూడండి, "రేపొస్తా" అని వారం తిప్పుతాడు. మా అపార్ట్‌మెంట్‌లో సగం ఫ్లాట్లలో పిల్లలు విదేశాల్లో, ఇక్కడ ఉన్నది పెద్దవాళ్లే. వాళ్లు స్టూలెక్కి ఫిల్టర్ తీయాలా? అందుకే అసోసియేషన్ తరఫున ఒకే మనిషితో మాట్లాడుకున్నాం. ఫిబ్రవరిలో అందరి ఏసీలూ ఒకేసారి కడగడం, వేసవిలో పిలిస్తే మర్నాటికల్లా రావడం. కంపెనీ ఏఎంసీ కంటే చవక. బిల్లులో గ్యాసు అనే మాట రావాలంటే ముందు నాకు లీకు ఎక్కడో చూపించాలి, అదీ షరతు.

ఆ రోజే ప్లగ్గులూ చూపిస్తాం. ఒక ఫ్లాట్‌లో 16 ఆంపియర్ సాకెట్ లోపల వైరు వదులై, ప్లగ్ కాళ్లు గోధుమరంగులోకి తిరిగి ప్లాస్టిక్ కరిగి ఉంది. ఏసీ మాత్రం చల్లగా నడుస్తూనే ఉంది. చెడేదాకా ఆగుదాం అనేవాళ్లు దీనికేం చెప్తారు?

లెక్కల మాస్టారు:
సాకెట్ మాటకు తిరుగులేదు. కానీ అది ఎలక్ట్రీషియన్ చూడాల్సింది, ఏఎంసీ కుర్రాడు సాకెట్ విప్పడు. మీరు చేసింది కూడా ఏఎంసీ కాదు, మంచి మెకానిక్‌ని పట్టుకోవడం. నేను చెప్పేదీ అదే.

ఫ్రిస్కో నుంచి:
డాలస్ వైపు ఏడాదికి రెండుసార్లు ట్యూన్-అప్ అంటారు, వసంతంలో ఏసీకి, చలికాలం ముందు హీటర్‌కి. ఇక్కడా అదే తగువు, ట్యూన్-అప్‌కి వచ్చి కొత్త యూనిట్ అమ్మబోతారని. మా ఇంట్లో ఫిల్టర్ నేనే మారుస్తాను, ఏసీ నీరు బయటికి పోయే డ్రెయిన్ గొట్టంలో అప్పుడప్పుడు వెనిగర్ పోస్తాను. అటక మీద యూనిట్, డ్రెయిన్ మూసుకుంటే సీలింగ్ మొత్తం నానిపోతుంది. మురికి ఫిల్టర్ మారిస్తే ఏసీ కరెంటు 5 నుంచి 15 శాతం తగ్గొచ్చని అమెరికా ఇంధన శాఖ చాన్నాళ్లుగా చెప్తోంది. ఆ పనికి మనిషి అక్కర్లేదు. మిగతా వాటికి మాత్రం నేను పిలుస్తాను.

గుణదల వాసి:
అందరికీ థ్యాంక్స్. కుర్రాణ్ణి మళ్లీ పిలిచి "కాటా తెచ్చావా, లీకు చూపిస్తావా" అని అడిగితే, "అవన్నీ ఎవరూ అడగరు సార్" అని నవ్వి, సర్వీసు డబ్బులు తీసుకుని వెళ్లిపోయాడు. గ్యాసు సరిపడా ఉందో లేదో ఇంట్లో తెలుసుకునే దారేమైనా ఉందా? పాత ఆర్-22 ఏసీ సంగతి కూడా చెప్పండి. అందులో కొత్త గ్యాసు వేసేస్తానంటున్నాడు ఒకాయన.

గేజీ మాస్టర్:
ఫిల్టర్ కడిగి, ఏసీని 18లో పెట్టి, ఫ్యాన్ హైలో ఇరవై నిమిషాలు నడపండి. చిన్న డిజిటల్ థర్మామీటర్‌తో పైన గాలి లోపలికి పోయే చోట ఒకసారి, కింద చల్లగాలి వచ్చే చోట ఒకసారి చూడండి. తేడా పది డిగ్రీల చుట్టుపక్కల ఉంటే గ్యాసు గురించి టెన్షన్ పడకండి. బెజవాడ ఉక్కపోతలో ఒకటి రెండు తగ్గినా ఫర్వాలేదు, గాల్లో తేమని నీరుగా మార్చడానికే కొంత శక్తి పోతుంది. మరీ నాలుగైదు డిగ్రీలే ఉంటే అప్పుడు మెకానిక్‌ని పిలవండి.

ఆర్-22 ఏసీలో కొత్త రకం గ్యాసులైన ఆర్-32 గానీ ఆర్-410ఏ గానీ అస్సలు వేయించకండి. వాటి ప్రెషర్ చాలా ఎక్కువ, పాత గొట్టాలూ కంప్రెసర్ దానికి చేసినవి కావు. లోపలి ఆయిల్ కూడా వాటికి పడదు. కొందరు ప్రొపేన్ రకం గ్యాసు నింపి "సేమ్ కూలింగ్ సార్" అంటారు. అది మీ వంటగ్యాసు లాగే మండుతుంది. ఆ గ్యాసు కోసమే తయారైన ఏసీలో వేరు, పడగ్గదిలో పాత ఆర్-22 మిషన్‌లో వేరు. అది నడుస్తున్నన్నాళ్లు కడిగించుకుని వాడండి. లీకు కాయిల్‌లోనే వచ్చిందంటే మాత్రం దాని మీద ఇంక రూపాయి పెట్టొద్దు.

లెక్కల మాస్టారు:
ఆ రోజొచ్చినప్పుడు కొత్తదాని ధరలోంచి ఇన్నేళ్లూ కట్టని ఏఎంసీ డబ్బు తీసేసి చూసుకోండి.

పెదవాల్తేరు:
మా వీధికి రండి మాస్టారూ, ఆ లెక్క మూడేళ్లకోసారి వేసుకోవాల్సి వస్తుంది.