అరణపు చెంబా, అరుణపు చెంబా?

పర్లాకిమిడి పిల్ల: మా అమ్మమ్మ రాగిచెంబు నా వాటాకి వచ్చింది. ఎవరు ముట్టుకున్నా "అరణపు చెంబు అమ్మకే గాని అమ్మకానికి కాదు" అనేది. అరణమా, అరుణమా అన్నది చెవిలో నిలవలేదు. మెడ కింద చుక్కలతో కొట్టించిన అక్షరాలున్నాయి గానీ, సరిగ్గా ర కింద సొట్ట. కొమ్ము ఉందో లేదో తెలీదు.

బరంపురం మాస్టారు: అరణమే, పెళ్లిలో పిల్లకి పుట్టింటివారిచ్చే కానుక. హరణానికి తద్భవం. సుభద్ర పెళ్లయ్యాక వచ్చే హరణాహరణ పర్వం గుర్తులేదూ? 1936లో కిమిడి ఒడిశాలో కలిసినా సంబంధాలు టెక్కలి, పాతపట్నం వైపే కదా. చెంబు అటునుంచే వచ్చి ఉంటుంది.

రాయగడ అక్క: మనవైపు పిల్లకే డబ్బు పుచ్చుకునేవారు మాస్టారూ! 1892లో గురజాడ ఆ నాటకం ఆడించింది మరెందుకు? అరణం ఎక్కడిది? నా ఓటు అరుణానికే, రాగి రంగు.

మాస్టారు: డబ్బు పుచ్చుకున్న తండ్రైనా చెంబూ చాపా లేకుండా పిల్లని పంపడు. గురజాడ మాట ఎత్తితే మాత్రం నేను ఆగను. ఆ బుచ్చెమ్మ మాటతీరు మా మేనత్తది.

కొరాపుట్ తమ్ముడు: చెంబంటేనే ఎర్రది. తమిళులు రాగినే సెంబు అంటారు. మళ్లీ అరుణమెందుకు? అది "ఆ రుణపు చెంబు". తాకట్టుకి వెళ్లొచ్చింది.

మాస్టారు: దీర్ఘం ఏమైంది? త్రికసంధి అంటావా, హ్రస్వమైతే పక్క హల్లు రెట్టించాలి. ర ఎక్కడైనా రెట్టించిందా?

కొరాపుట్ తమ్ముడు: అమ్మమ్మ సూత్రం చూసుకుని మాట్లాడుతుందా? గిడుగువారు పాఠాలు చెప్పిన ఊరివాళ్ల దగ్గరా ఈ లెక్కలు?

రాయగడ అక్క: కొమ్ముబొమ్మలకి పేరుపడ్డ ఊళ్లో ఒక్క కొమ్ము దొరకట్లేదు, చూశారా!

పర్లాకిమిడి పిల్ల: చింతపండు పెట్టి తోమాను. సొట్ట కాదు, మాటు వేశారు. అమ్మని అడిగితే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మూడేళ్లు ఇంట్లో కనబడలేదే ఆ చెంబు. షావుకారు దగ్గర్నుంచి వచ్చేసరికే మాటుంది. మా అమ్మ ముందు రుణమన్న మాట ఎవరూ ఎత్తేవాళ్లం కాదు" అంది.

మాస్టారు: అమ్మగారు రుణం అన్నారా, రునం అన్నారా? అది చెప్పండి ముందు.