మూడవ తరగతి తీసివేత: ఇంట్లో ఒక పద్ధతి, బడిలో ఒక పద్ధతి

తిరుపతి అమ్మ

మా అమ్మాయి తిరుపతిలో మూడవ తరగతి చదువుతోంది. మూడంకెల తీసివేతలు మొదలైనప్పటి నుంచి ఒక చిక్కు వచ్చింది. బడిలో టీచరుగారు పక్క స్థానం నుంచి ఒక పదిని తెచ్చుకుని, అక్కడి అంకెను కొట్టివేసి ఒకటి తగ్గించి రాయమంటారు. మా మామగారు తాము చదువుకున్న విధంగా పై అంకెకు పది కలిపి, కింది వరుసలోని పక్క అంకెకు ఒకటి కలపమంటారు. ఎవరి పద్ధతిలో చేసినా జవాబు ఒకటే గాని, పాప రెండింటినీ కలిపేసి ఒకే లెక్కలో పైన తగ్గించి కింద పెంచుతోంది. 52 − 27 కు 15 అని రాస్తోంది. సున్న ఉన్న లెక్క వస్తే రెండు పద్ధతులూ వదిలేసి, ప్రతి స్థానంలో పెద్ద అంకెలోంచి చిన్న అంకెను తీసేస్తోంది. 503 − 267 కు 364 అని రాసింది. ఒక పద్ధతిని పూర్తిగా మానిపించాలా, లేక రెండూ సాగనివ్వవచ్చా? పిల్లలకు లెక్కలు చెప్పిన అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

విశ్రాంత గణిత ఉపాధ్యాయుడు, చిత్తూరు

అమ్మా, మీ మామగారి పద్ధతి తప్పు కాదు. నేనూ చిన్నప్పుడు అదే నేర్చుకున్నాను. రెండు సంఖ్యలకూ సమానంగా కలిపితే వాటి తేడా మారదన్న సూత్రం మీద అది నిలబడి ఉంది. ఎన్నేళ్లు గడిచినా అన్నదమ్ముల వయసుల తేడా మారనట్లే. 503 లో ఒకట్ల స్థానంలో పది ఒకట్లు కలిపితే 3 కాస్తా 13 అవుతుంది. అదే పదిని 267 కు పదుల స్థానంలో కలిపితే 6 కాస్తా 7 అవుతుంది. తరువాత పదుల స్థానంలోనూ ఇదే పని చేయాలి: పైన పది పదులు, కింద ఒక వంద. 13 లోంచి 7 పోతే 6, 10 లోంచి 7 పోతే 3, 5 లోంచి 3 పోతే 2, జవాబు 236. పైన సున్న ఉన్నా లేకపోయినా చేసే పని మారకపోవడం ఇందులోని సౌకర్యం.

బడి పద్ధతికి ఆధారం వేరు. అక్కడ బయటి నుంచి ఏమీ కలపరు. 503 నే విప్పి 4 వందలు, 9 పదులు, 13 ఒకట్లుగా మళ్లీ కడతారు. పాప 52 − 27 లో పైన 5 ను 4 చేసి, కింద 2 ను కూడా 3 చేయడం వల్ల ఒకే పది రెండుసార్లు పోయింది. అందుకే 25 రావలసిన చోట 15 వచ్చింది.

అమెరికాలో బ్రౌనెల్, మోజర్ అనే పరిశోధకులు 1949లో ప్రచురించిన అధ్యయనంలో మూడవ తరగతి పిల్లలకు ఈ రెండు పద్ధతులనూ కొందరికి కారణం వివరించి, కొందరికి వివరించకుండా నేర్పి పోల్చారు. విప్పి కట్టే పద్ధతిని కారణంతో సహా నేర్చుకున్నవారు, తమకు చెప్పని రకం లెక్కలలో కూడా మెరుగ్గా నిలిచారు. నా అనుభవమూ ఇదే చెబుతోంది. సమానంగా కలిపే పద్ధతిలో చేతికి వేగం త్వరగా వస్తుంది గాని, ఎనిమిదేళ్ల పిల్లకు దాని కారణం అందదు. కాబట్టి ప్రస్తుతానికి బడి పద్ధతి ఒక్కటే ఉంచండి. ఐదవ తరగతికి వచ్చాక మీ మామగారి పద్ధతి చూపించి, ఇది ఎందుకు సరిపోతుందో చెప్పమని పాపనే అడిగితే, అప్పుడు అది మంచి పాఠమవుతుంది.

ప్రాథమిక పాఠశాల టీచరు, పలమనేరు

సార్ చెప్పినదానితో ఏకీభవిస్తూ 364 గురించి ఒక మాట చెప్పాలి. దానిని అజాగ్రత్త అనుకోవద్దు. బ్రౌన్, బర్టన్ అనేవారు 1978లో పిల్లల తీసివేత తప్పులను పరిశీలించి, వాటిలో చాలా భాగం పిల్లలు ఏదో ఒక తప్పు నియమాన్ని నిలకడగా పాటించడం వల్ల వచ్చేవేనని చూపించారు. ‘చిన్న అంకెలోంచి పెద్ద అంకె పోదు’ అని రెండవ తరగతిలో మనమే చెబుతాం. పాప ఆ మాటనే పాటిస్తోంది.

మా తరగతిలో చీపురు పుల్లలను పదేసి చొప్పున కట్టలు కట్టి, పది కట్టలను కలిపి ఒక పెద్ద కట్ట చేస్తాం. 503 అంటే అయిదు పెద్ద కట్టలు, మూడు విడి పుల్లలు. ‘ఏడు పుల్లలు ఇవ్వు’ అని అడిగినప్పుడు, విడిగా ఉన్నవి మూడే కాబట్టి పిల్ల చిన్న కట్ట కోసం వెతుకుతుంది; అదీ లేదు గనుక పెద్ద కట్ట విప్పుతుంది, వచ్చిన పది చిన్న కట్టలలో ఒకటి మళ్లీ విప్పుతుంది. సున్న ఎలా 9 అయిందో అప్పుడు కళ్లకు కనబడుతుంది. అయితే విప్పిన ప్రతిసారీ, ఆ క్షణంలోనే పలక మీద అంకె మార్చి రాయించాలి. పుల్లల పని ఒక రోజు, నోటు పుస్తకంలో లెక్క మరొక రోజు అయితే ఆ రెండింటికీ సంబంధం ఉందని పిల్లలకు తోచదు. చాలా తరగతి గదులలో పుల్లలు వాడినా ఫలితం రాకపోవడానికి ఇదే కారణమని నేను గట్టిగా నమ్ముతున్నాను.

జవాబు రాశాక 364 కు 267 కలిపి చూడమనండి. 631 వస్తుంది, 503 రాదు.

కిరాణా దుకాణం నాన్న, పుత్తూరు

నేను కొంత వేరుగా ఆలోచిస్తున్నాను. మా అబ్బాయి దుకాణంలో నా పక్కన కూర్చుని చిల్లర లెక్క చూస్తాడు. సరుకు 267 రూపాయలై, చేతికి 503 వస్తే వాడు తీసివేత చేయడు. 267 కు 3 కలిపితే 270, 30 కలిపితే 300, మరో 203 కలిపితే 503 అని ఎక్కుకుంటూ పోయి 236 చెబుతాడు. కాన్‌స్టన్స్ కమీ, ఆన్ డొమినిక్ 1998లో, ఒకటి నుంచి నాలుగు తరగతుల వరకు ఈ నిలువు లెక్కల పద్ధతులు నేర్పడమే హానికరమని వాదించారు. పిల్లలు సహజంగా పెద్ద స్థానం నుంచి ఆలోచిస్తారనీ, నిలువు లెక్క వారిని కుడి చివర నుంచి మొదలుపెట్టించి, 503 ను 5, 0, 3 అనే విడి అంకెలుగా చూడటం అలవాటు చేస్తుందనీ వారి వాదన. మా వాడిని చూశాక అందులో నిజం ఉందనిపిస్తోంది.

ప్రాథమిక పాఠశాల టీచరు, పలమనేరు

అన్నా, మీ అబ్బాయి చేస్తున్నది చాలా మంచి పని, దానిని మాన్పించవద్దు. కానీ దుకాణం లేని ఇంటి పిల్లలకు ఆ అవకాశం లేదు. నాలుగవ తరగతి ముగిసేవరకు రాత పద్ధతి ఆపితే వారికి ఏ పద్ధతీ మిగలదు. తొందరపడకూడదన్నంత వరకు ఒప్పుకుంటాను. మదనపల్లె దగ్గర రిషి వ్యాలీ గ్రామీణ విద్యా కేంద్రం వారు పల్లె బడుల కోసం తయారుచేసిన కార్డులలో ప్రతి పిల్లా తన మెట్టు తాను ఎక్కుతుంది. తరగతి అంతా ఒకే రోజు ఒకే లెక్కకు వెళ్లదు. కట్టలు విప్పి కట్టడం వచ్చిన పిల్ల ముందుకు పోతుంది, రాని పిల్లకు సమయం దొరుకుతుంది.

తిరుపతి అమ్మ

అందరికీ ధన్యవాదాలు. మా మామగారితో మాట్లాడాను. ఐదవ తరగతి వరకు ఆగడానికి సంతోషంగా ఒప్పుకున్నారు. మా పెద్దవాడి విషయం కూడా అడగాలి. వాడు 612 ÷ 6 కు 12 అని రాస్తాడు. ఆరో ఎక్కం బాగానే వచ్చు.

విశ్రాంత గణిత ఉపాధ్యాయుడు, చిత్తూరు

అమ్మా, ఇది ఎక్కాల లోపం కాదు, స్థానం లోపం. 612 రూపాయలను వంద నోట్లు ఆరు, పది నోటు ఒకటి, రూపాయి బిళ్లలు రెండుగా పెట్టి ఆరుగురికి పంచమనండి. తలా ఒక వంద పోతుంది. ఒక్క పది నోటును ఆరుగురికి పంచలేం కాబట్టి పదుల స్థానంలో ఎవరికీ ఏమీ రాలేదు. ఆ మాటనే 0 గా రాయాలి. తరువాత ఆ పదిని మార్చి రెండు రూపాయలతో కలిపితే 12, తలా రెండు. భాగఫలం 102. నోటు పుస్తకంలో లెక్క పైన వ, ప, ఒ అని మూడు గళ్లు గీయించి, ఏ గడినీ ఖాళీగా వదలకూడదని నియమం పెట్టండి. భాగహారం మొదలుపెట్టకముందే జవాబు వందలలో ఉంటుందా, పదులలో ఉంటుందా అని నోటితో చెప్పించండి. ఆరు వందలను ఆరుగురికి పంచితే తలా వంద వస్తుందని చెప్పిన పిల్లవాడు 12 దగ్గర ఆగడు. రెండంకెల విభాజకాలు వచ్చి, వాటిలోనూ సున్న వదలకుండా రాస్తున్నాడని తేలేవరకు ఆ గళ్లు తీసివేయవద్దు.